ఘాట్‌రోడ్డు మీద దుంగ

"ధనరాజూ, అరకు కొండలకేమైనా పిల్లలు పుట్టాయా?" ట్రేడ్ డేటా ప్రింటవుట్‌ని బల్లమీద పడేశారు నిఘా విభాగం చీఫ్ జగన్నాథరావు. "అక్కడ పండిన కాఫీకి రెండింతలు విదేశీ రేవుల్లో దిగింది!"

2003 ఏప్రిల్. ఆంక్షలున్న ఓ దేశపు కాఫీని ఓ విదేశీ ముఠా దొంగచాటుగా వైజాగ్‌లో దించి, అరకు గోడౌన్‌లో సంచులపైన మన గోనెలు తొడిగి, మళ్లీ ఓడెక్కిస్తోంది. ఇంకో ఓడ వెళ్లిందా, అరకు కాఫీ మొత్తం బ్లాక్‌లిస్టే. గిరిజన రైతు నోట్లో మట్టే.

ముఠాలో మన మనిషి సౌందర్య. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, బాసుకి సెక్రటరీ. పుట్టింది సీతంపేట మన్యంలో. ధనరాజుకి ఆమె మీద నమ్మకం లేదు.

కాఫీ బయ్యర్ వేషంలో అతను చేరేసరికి గోడౌన్ ఖాళీ. సౌందర్యా లేదు. "ముఠాకి అమ్ముడుపోయింది!" అని పళ్లు నూరి, జీపుని ఘాట్‌లోకి ఉరికించాడు. ఓడ సాయంత్రమే. వాచీలోని ట్రాన్స్‌మిటర్ కొండల మధ్య మూగబోయింది.

మలుపులో రోడ్డుకి అడ్డంగా దుంగ. వెనక ఆడవాళ్ల గుంపు.

ఆంబుష్ అనుకున్నాడు మన మొనగాడు! రివాల్వర్ తీసి ముందున్న ముసలామెకి గురిపెట్టాడు. "చేతులెత్తండి!"

అందరూ ఎత్తారు. ముసలామె బుట్ట జారి చిల్లర రోడ్డంతా దొర్లింది.

"ఇటికల పండగ బాబూ," అంది ముసలామె సోములమ్మ, ఎత్తిన చేతులు దించకుండానే. "మగోలు వేటకెల్లినారు. మేం బళ్లాపి చందా అడుగుతాం. ఏటేటా ఇంతే. కాఫీ తోట సేసుకునేవోల్లం, మేమేటి సేసినాం?"

ధనరాజు చెవులు కాలిపోయాయి. తను కాపాడవలసింది ఈమె తోటనే. ఛీ, ఏం బతుకు! వంగి చిల్లర ఏరిచ్చాడు కానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"అమ్మా, కాఫీ లారీ ఏమైనా..."

"కింద ఊరోల్లు పొద్దున్నే ఆపేసినారు. డైవరు తిట్టినాడంట. ఒగ్గనేదు. బేగెల్లు."

కిందికి చేరేసరికి డ్రైవర్ దిగొచ్చి నోట్లు చాపుతున్నాడు. దుంగ లేస్తోంది. ఆఖరి క్షణంలో ధనరాజు జీపుని అడ్డంగా పెట్టాడు. గోనెలు కోస్తే లోపల విదేశీ ముద్రల సంచులు!

లారీలోంచి సౌందర్య దిగింది. "చందా ఇవ్వొద్దని డ్రైవర్ని ఎగదోసింది నేనే. ఈ పండగ నాకు తెలీదా? పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తున్నా. ఎక్కడ ఆగిపోయారు సార్?"

ధనరాజు గోనెలు లెక్కపెట్టడంలో పడ్డాడు. రిపోర్టులో మాత్రం 'స్థానిక మహిళల సహకారంతో' అని రాశాడు.

ఆ మధ్యాహ్నమే చందా ఇద్దామని మళ్లీ ఘాటెక్కాడు. జీపుని చూడగానే సోములమ్మ, ఎవరూ అడక్కుండానే, చేతులు పైకెత్తింది.