కాల్ చెయ్యకూడని ముక్కలు

“తొమ్మిదీ నాలుగూ పట్టుకుని నా రైజ్‌కి కాల్ చేశారా?”

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. అంతకుముందు నమస్కారం లేదు, బాగున్నారా అనడం లేదు.

“రెండూ ఆఠీన్లేనండీ,” అన్నాను.

“ఒకటి ఆఠీన్. ఒకటి డైమండ్.”

నిజమే. రెండూ ఎర్రగా ఉన్నాయి కదాని సరిగ్గా చూడలేదు. ఆమె నావైపు చూస్తుంటే ముక్కలెవరు చూస్తారు?

నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తాను. రోజుకి పాతికమంది కళ్లలోకి తొంగిచూసి, కనుపాపల మధ్య దూరం కొలుస్తాను. అయినా ఒక మనిషి చూస్తే ఊపిరి తీసుకోవడం మర్చిపోతామని ఆ ఆదివారమే తెలిసింది.

మా ఓనరుని అన్నయ్య అంటాను, ఆయన భార్యని వదిన అంటాను. ఆదివారం భోజనాలయ్యాక వాళ్లింట్లో చొక్కా బటన్లతో పోకర్ ఆడతాం. వదిన తలా ముప్ఫై ఇస్తుంది. అయిపోతే లేచి ఇంటికి పోవాల్సిందే, బతిమాలినా ఇంకోటివ్వదు. అన్నయ్య, వదిన, పక్కింట్లో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు బాబాయి, నేను. ఆ నెల వదిన చెల్లెలు, అంటే ఈమె, వచ్చి చేరింది. మా షాపు మేడమీదున్న రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం.

తలా రెండు ముక్కలు పంచుతారు, తర్వాత అందరికీ కలిపి కింద ఐదు ముక్కలు పరుస్తారు. ఎవరైనా రైజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, మిగతావాళ్లు అన్నే బటన్లు పెట్టి కాల్ చెయ్యాలి. లేదంటే ముక్కలు పడేసి తప్పుకోవాలి. దాన్ని ఫోల్డ్ అంటారు.

ఫోల్డ్ చేసినవాళ్లు ఆమె దృష్టిలో కుర్చీలతో సమానం. కాల్ చేసినవాళ్లని మాత్రం కన్నార్పకుండా చూస్తుంది. ముక్కలు మొహంలో కనిపిస్తాయట.

ఇంకేముంది, ఆమె రైజ్ చేసినప్పుడల్లా నేను కాల్. మూడూ ఎనిమిదీ అయినా సరే, రాణీ రెండూ అయినా సరే. మూడు గంటలకల్లా నా బటన్లన్నీ ఆమె ముందుండేవి, నేను గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునేవాణ్ని.

ఆమె రెండు ఆదివారాలు ఓపిక పట్టి, సోమవారం లంచ్ టైమ్‌లో ఏ ముక్కలకి కాల్ చెయ్యాలో పట్టిక గీసిన ఓ కాగితంతో మా షాపులోకి దిగింది.

“కూర్చోండి,” అంది, ఆమె షాపైనట్టు. “నేను రైజ్ చేశాననుకోండి. ముందు ఏం చూడాలి?”

“మిమ్మల్ని.” నోరు జారింది.

“కరెక్ట్,” అంది తొణక్కుండా. “ఎవరు పెంచారు, ఎక్కడ కూర్చుని పెంచారు. మొదటి సీట్లో కూర్చుని, వెనక అందరూ ఉండగా పెంచారంటే ముక్కలు గట్టివని. చివరి సీట్లోంచి పెంచితే ఉత్త గాలి కావచ్చు. మీ తర్వాత ఇంకెంతమంది మాట్లాడాలో కూడా చూసుకోండి. మీ ముక్కల సంగతి ఆ తర్వాత.”

“ఆసు వస్తే?”

“ఆసూ తొమ్మిదీ చూసి మురిసిపోకండి. అవతల ఆసూ రాజూ ఉంటే, కింద ఇంకో ఆసు పడినా మునిగేది మీరే. పెద్ద జంటలకి కాల్ చెయ్యండి. చిన్న జంటలు, ఒకే గుర్తులో పక్కపక్క అంకెలు, ఇవి చివర్లో కూర్చున్నప్పుడే. మిగతావన్నీ పడెయ్యండి.”

“అన్నీ పడేస్తే ఇంక ఆడేదేముందండీ?”

“పడెయ్యడం రాకపోతే ఆడలేరు.”

పట్టిక చేతిలో పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది. నాకు అర్థమైపోయింది. తన రైజ్‌కి అడ్డురావద్దంటోంది. పట్టిక గీసి మరీ, మర్యాదగా తప్పుకోమంటోంది.

తప్పుకున్నాను. ఆమె పెంచితే చాలు, ముక్కలు పడేసేవాణ్ని. అన్నయ్య పెంచినా, బాబాయి పెంచినా పట్టిక ప్రకారం ఆడేవాణ్ని. బటన్లు ఆరు గంటల దాకా వచ్చేవి. ఆమె చూపు మాత్రం నా దాకా వచ్చేది కాదు.

షాపులో కూర్చుంటే మేడమీద రక్తం సీసాలు తిప్పే మిషన్ చప్పుడు వినిపిస్తుంది. అది ఆగితే ఆమె భోజనానికి లేచిందని లెక్క. బిగిస్తున్న అద్దం అక్కడ వదిలేసి, మెట్లమీద అడుగులకోసం చెవులప్పగించేవాణ్ని. అడుగులు షాపు ముందునుంచే వెళ్లిపోయేవి. నన్ను వద్దన్న మనిషి కోసం ఇంత తాపత్రయమేమిటని తిట్టుకుంటే, మిషన్ మళ్లీ మొదలయ్యేది.

అలా ఆరు వారాలు. ఏడో ఆదివారం బయట వాన దంచేస్తోంది. ముక్కలు పంచుతూ వదిన అంది, “దీనికి ట్రాన్స్‌ఫరయింది బాబాయిగారూ. ఎల్లుండి ప్రయాణం.”

నా బటన్లు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

ఆమె మొదటి సీట్లో ఉంది. “రైజ్,” అంది.

ముక్కలు ఎత్తి చూశాను. రెండూ రాణులే. పడేశాను.

బాబాయికి పడేసిన ముక్కలు తిప్పి చూసే దురలవాటుంది. “ఓరి నీ ఇల్లు బంగారంగానూ, రాణుల జంట పడేశాడర్రా,” అన్నాడు.

ఆమె తన ముక్కలు కింద పెట్టేసింది. “ఇవి పడెయ్యమని రాశానా నేను?”

“లేదండీ.”

“బావ పెంచితే కాల్ చేస్తారు. బాబాయిగారికి చేస్తారు. నాకొక్కదానికే చెయ్యరు. నాతో ఆడటం అంత కష్టంగా ఉందా?”

“తప్పుకోమన్నది మీరే కదండీ.”

“ఎప్పుడన్నాను?”

“ఆ కాగితం...”

“మూడింటికల్లా బటన్లన్నీ పోగొట్టుకుని వెళ్లిపోతున్నారు. ఆట తెలిస్తే ఆరు దాకా కూర్చుంటారని రాసిచ్చానండీ.”

అన్నయ్య తన ముక్కలవైపు చాలా శ్రద్ధగా చూసుకోసాగాడు.

“అసలు ఆ చెత్త ముక్కలతో ఎందుకు కాల్ చేసేవారు?” అంది.

“చేస్తేనే కదా మీరు నావైపు చూసేది.” ఇక దాచుకుని ఏం లాభం? “మీరంటే నాకిష్టమండీ. ఆరు వారాలుగా మీ మిషన్ ఎప్పుడాగుతుందా అని వింటూ బతుకుతున్నాను. వెళ్లొద్దనడానికి నేనెవర్ని? మీకూ ఇష్టమైతే ప్రతి ఆదివారం మొదటి బస్సుకి అక్కడికొస్తాను.”

“బస్సులో నాలుగు గంటలు.”

“రావద్దా?”

“రావద్దన్నానా? మళ్లీ మీ అంతట మీరే అర్థం చేసేసుకోకండి,” అంటూ కళ్లు తుడుచుకుంది. “రండి.”

వదిన అప్పటికే ఫోన్ చెవిలో పెట్టుకుంది. “అమ్మా, సంబంధాలకని ఫొటోలు పంపినవాళ్లకి వద్దని చెప్పెయ్. ఆఁ, ఇక్కడే దొరికాడు. మా షాపబ్బాయే. బుద్ధిమంతుడే. పేకాట ఒక్కటే రాదు.”

ఆమె నవ్వాపుకోలేక తల వంచేసింది. మళ్లీ తలెత్తి నావైపు చూసేదాకా నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.