వాళ్లిచ్చిన పక్షం

పంచవర్ణం మైకు ముందు నిలబడి క్షమాపణ చెబితేనే ఈ ఇంటి ములైపారి మొలకల కుండను ఊరేగింపులో కలుపుతారట... లేకపోతే గుడి గడప దాటనివ్వరట! పొద్దున్నే ఆ కబురు మోసుకొచ్చింది పరాయివాడు కాదు. గుడి కమిటీలో సభ్యుడైన ఆమె మామగారు కృష్ణసామే!

చీకటి గదిలో కుండ పక్కన కూర్చున్న అత్త రాజమ్మాళ్ చేతిలోని నీళ్ల చెంబు జారిపోయింది. ఆ కుండలో నవధాన్యాలు చల్లిన రోజు నుంచీ ఆవిడ ఉప్పు ముట్టలేదు. ఆషాఢంలో మనవరాలు వసంతికి కామెర్లు ముదిరి, కోవిల్‌పట్టి ఆసుపత్రిలో డాక్టర్లు పెదవి విరిచినప్పుడు మొక్కిన మొక్కు అది. బిడ్డ బతికితే పురట్టాసి నెల పండుగకు మొలకల కుండ తలకెత్తుకుని వస్తానంది. బిడ్డ బతికింది. ఇప్పుడు మొక్కు తీరకపోతే...!

ఇంతకీ పంచవర్ణం చేసిన నేరమేమిటి? ముందు రాత్రి, మేడ అని పిలిచే పండుగ వేదిక మీద పట్టిమండ్రంలో, అదే, రెండు పక్షాల వాదంలో మాట్లాడింది. ఆ ఏడాది మొదట్లో యూరప్‌లో ప్రవక్త మీద ఏవో వ్యంగ్య బొమ్మలు అచ్చువేస్తే లోకమంతా అట్టుడికిపోయింది కదా! పేపర్లలో అదే గోల. అందుకని కమిటీ పెద్ద కుమారసామి ఆ విషయమే పెట్టాడు. పడమటి దేశాల్లోలా మతాన్నీ మతపెద్దల్నీ నిలదీసే స్వేచ్ఛ మనకు మేలా, కీడా? మేలని మాట్లాడటానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడీ పెద్దమనిషే వీళ్ల అరుగు మీద కాఫీ తాగుతూ, టీచరమ్మవి నువ్వే దిక్కు, నిజంగా నమ్మినట్టే మాట్లాడాలి అని బతిమాలాడు. ఎంత న్యాయమో చూడండి!

ఆమె అలాగే మాట్లాడింది. ఆ దేశాల్లోనూ దేవుణ్ణి అంటే మనసు నొచ్చుకుంటారు, కానీ నొచ్చుకున్నవాడు నోటితో బదులిస్తాడు, వీధిలోంచి వెలివేయడు అంది. అక్కడ బిషప్పుల మీద వేసే పరిహాసాలు చెబుతుంటే కుమారసామి పొట్ట పట్టుకుని నవ్వాడు. భర్త ముత్తురామన్ ముందు వరసలో చప్పట్లు కొట్టాడు. మరి మన వీధిలో సంగతేమిటి అని అడిగింది పంచవర్ణం. గుడి ముందు తలకు పరివట్టం, అదే గుడి మర్యాద పాగా, కట్టించుకున్న పెద్దమనిషి మర్నాడు అమ్మవారి కుంకుమ చేతిలో పెట్టి ఊరి ఎన్నికల్లో ఓటడిగితే, ఇది తప్పని మనం అనకూడదా? అంతే, చప్పట్లు ఆగిపోయాయి. కౌన్సిలరుగా నిలబడింది కుమారసామే మరి!

"ఒక్క మాట చెప్పేస్తే ఏం పోతుంది? లేకుంటే విరుదునగర్ బస్సెక్కు," అన్నాడు ముత్తురామన్. నిన్న చప్పట్లు కొట్టిన చేతులే తలుపు వైపు చూపించాయి! విరుదునగర్ నుంచి ఫోన్లో కన్నతల్లి కూడా అదే పాట. సంచి పట్టుకుని మాత్రం ఇక్కడికి రావద్దు, నీ చెల్లెలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి అంది. పంచవర్ణానికి ఒళ్లు మండిపోయింది. తప్పు చేసుంటే కాళ్లు పట్టుకునేదే... చేయని తప్పుకు ఎందుకు పట్టుకోవాలి? కానీ నోరు కట్టుకుని వారం రోజులుగా కుండకు నీళ్లు చల్లిన అత్తను చూసి, సరే, చెబుతాను అంది.

గుడి ముందు ఆడవాళ్లు కుండలతో వరసగా నిలబడి ఉన్నారు. కుమారసామి మైకు ఆమె చేతికిచ్చి, తానన్నదంతా తప్పని అమ్మవారి మీద ఒట్టేసి చెప్పమన్నాడు.

"నేను మాట్లాడింది..." పంచవర్ణం కుండతో వచ్చిన అత్త వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు పంచవర్ణం," అంది రాజమ్మాళ్. జీవితంలో మొగవాళ్ల ముందు గొంతెత్తని మనిషి!

"కుమారసామన్నా, మా తిన్నె మీద కాపీ తాగి, ఆ పక్కం మాట్లాడమనీ బతిమాలింది నువ్వేదా. పరదేశంలో సామినే అడిగిరంటే నవ్వితివి. ఇక్కడ నిన్ను అడిగితే సామికి కోపమంటావు. నువ్వు ఎప్పుడు సామివైతివి?"

అరుపులు లేచాయి. కృష్ణసామి పెళ్లాన్ని నోరు ముయ్యమని కసిరాడు. ఆవిడ వినిపించుకోలేదు. పంచవర్ణం కళ్లు తుడుచుకుని మైకు తిరిగి ఇచ్చేసింది.

"నిన్నదాకా అది మీరిచ్చిన పక్కం అయ్యా. ఈపొద్దు నించీ నాది."

రాజమ్మాళ్ కుండ తలకెత్తుకుంది. గుడిలోకి కాదు, తమ పత్తిచేను బావి వైపు నడిచింది. మొలకలు చివరికి చేరాల్సింది నీళ్లలోనే కదా! పంచవర్ణం కూతురు వసంతి చెయ్యి పట్టుకుని వెనకే వెళ్లింది. ముత్తురామన్ తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. డప్పు ఆగింది. అప్పుడు ఆ ఆడవాళ్ల వరసలోంచి ఎవరో నాలుక ఆడిస్తూ, అమ్మవారి కుండ కదిలేటప్పుడు పెట్టే కులవ గట్టిగా పెట్టారు! ఎవత్తె అది అని కుమారసామి అరిచాడు. ఒక్కరూ పేరు చెప్పలేదు. మళ్లీ ఇంకో కులవ లేచింది.

రాజమ్మాళ్ బావిలో మొలకలు వదిలింది. కోపముంటే నా మీద పెట్టుకో, బిడ్డను చల్లగా చూడు తల్లీ అని దండం పెట్టుకుంది. వసంతి తలమీద ఆ నీళ్లే చల్లింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"వచ్చే ఏడు నిన్ను మేడెక్కనివ్వరు."

"ఎక్కనివ్వరు అత్తా."

"అయితే మన తిన్నె మీద నిలిచి మాట్లాడు. కుమారసామి ఇంటికి వినిపించాల. నేను కూర్చుని వింటా."