తాతబ్బాయి కూత

భిలాయి దగ్గరి దేవబలోద పాత శివాలయం ముందు ఫొటోలు దిగుతున్న టూరిస్టుల మధ్య మెర్లిన్ కుప్పకూలింది. సైలెన్సర్ పిస్టల్ కాబట్టి చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఐస్‌క్రీం బండివాడి వేషంలో ఉన్న ఏజెంట్ హార్వే పరుగున వచ్చి ఆమె తల ఒడిలోకి తీసుకున్నాడు. పట్టుచీర రక్తంతో తడిసిపోతోంది.

"తాతబ్బాయి... కూత కూస్తే... అందరూ పోతారు," అంది. అంతే.

ఆమె డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా విదేశీ ముఠాతో తిరుగుతూ వాళ్ళ రహస్యాలు ఇటు చేరవేసింది. "నన్ను నమ్ముతావా?" అని ఎన్నిసార్లు అడిగినా హార్వే నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ నవ్వు తల్చుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఏడ్చే తీరిక లేదు. ఉక్కు ఒప్పందం మీద వచ్చిన విదేశీ ఇంజనీర్లు ఆ ఉదయం భిలాయి చుట్టుపక్కల వింతలన్నీ చూస్తున్నారు. గుడి అయిపోయింది. ఇప్పుడు మైత్రీబాగ్ జూలో తెల్లపులుల దగ్గరున్నారు. ఆ తర్వాత రోడ్డు పక్కన కొత్త పార్కు ప్రారంభం, ఆపైన భోజనం. అందరూ పోతారంటే ఎక్కడో ఒకచోట బాంబు ఉన్నట్టే.

వ్యాన్ ఎక్కి చీఫ్ ధర్మారావుకు ఫోన్ కొట్టాడు. "టూర్ ఆపించండి సార్!"

"డబుల్ ఏజెంట్ మాట మీదా? పైవాళ్ళు ఒప్పుకోరు. తాతబ్బాయి అంటే ముఠా మనిషి. కూత అంటే సిగ్నల్. పక్కనే దుర్గ్‌లో ఆ పేరుగలవాళ్ళు ఇద్దరున్నారు, ఎత్తుకొస్తున్నాం."

హార్వే మనసు ఒప్పుకోలేదు. ప్రాణం పోతున్నప్పుడు మనిషి కోడ్‌లో మాట్లాడదు, ఇంట్లో మాట మాట్లాడుతుంది. తనదీ మెర్లిన్‌దీ ఒకే చర్చి, భిలాయి టౌన్‌షిప్‌లో ఒకే సెక్టారు. కానీ అతను హిందీలో పెరిగాడు, ఆమె పెద్దవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ తెలుగంతా పట్టేసింది. ఇక దిక్కుతోచక ఏ ఏజెంటూ చెయ్యకూడని పని చేశాడు. అమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, తాతబ్బాయి ఎవరు?"

"ఎవరేటిరా? మీ నాన్న బొగ్గేసిన నల్లింజను కాదేటి!" అంది సులోచన. "డ్రైవరు తాతబ్బాయి రిటైరైపోనాడు, పేరు దానికే ఉండిపోనాది. మొన్నే రంగులేసి కొత్త పార్కులో ఎట్టినారంట. ఒరే, టిఫిను తిన్నావేటి?"

చీఫ్ లైన్ బిజీ. హార్వే పిచ్చిపట్టినట్టు వ్యాన్ తోలాడు.

పార్కులో బ్యాండు హోరు. నెరిసిన జుట్టు పెద్ద ఇంజనీరు అప్పటికే ఇంజనెక్కి, కూత పెట్టే గొలుసు పట్టుకుని ఫొటోకు నవ్వుతున్నాడు.

"ఏ భయ్యా, కిధర్?" గార్డు అడ్డొచ్చాడు. హార్వే అతన్ని తోసేసి ఇంజను మీదికి ఎగబాకాడు. గొలుసు కదిలింది. పైన లివరు కింద బాంబుకు పోయే ఎర్రతీగ. లివరు దానికి తగలబోతుండగా మధ్యలో అరచెయ్యి దూర్చాడు. ఎముక పటుక్కుమంది. రెండో చేత్తో లైటర్‌లో దాచిన బ్లేడు తీసి తీగ తెంపాడు.

కూత రాలేదు. జారుకోబోయిన కెమెరామన్‌ను గార్డు పట్టుకుంటే, లెన్స్‌లో మెర్లిన్‌ను కాల్చిన సైలెన్సర్ పిస్టల్ దొరికింది.

"నమ్మాను మెర్లిన్," అన్నాడు హార్వే, వినాల్సిన మనిషి ఇక లేకపోయినా.

ఫోన్ మోగింది.

"ఇద్దరినీ పట్టుకున్నాం," అన్నాడు చీఫ్. "నోరు విప్పట్లేదు."

"వదిలెయ్యండి సార్. అసలు తాతబ్బాయి నా దగ్గరున్నాడు."

"శభాష్! బేడీలు వేశావా?"

హార్వే నల్లటి చక్రాల వంక చూశాడు.

"సైజు దొరకదు సార్."