పెట్టుకుని చూసిన పట్టీ

ఎదుటివాళ్ళకి ఏది నప్పుతుందో తేల్చడమే ఆ అబ్బాయి వృత్తి. కళ్ళజోళ్ళ షాపు అతనిది. వచ్చినవాళ్ళని చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా... ఇది బాగుందా?" అని రోజంతా అడుగుతూనే ఉంటాడు. తన సంగతి వచ్చేసరికి మాత్రం చొక్కా కొనుక్కోవడానికి కూడా వాళ్ళమ్మ తోడు ఉండాలి.

కాబట్టి ఆ ఆదివారం ఫిట్‌నెస్ బ్యాండు కొనాలి, రమ్మంటే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. ఈ మధ్య మోకాళ్ళ నొప్పులని రెండుమూడు సార్లు అంది. కొడుకు విన్నాడన్నమాట, ఫరవాలేదు అనుకుని మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

షాపులో కొడుకు లేత రంగువన్నీ తీయించి చూస్తుంటే, తనకి ముదురు రంగు చాలంది.

"నీక్కాదమ్మా."

"మరెవరికి?"

"పక్క క్లినిక్ ఆవిడకి. పళ్ళ డాక్టరు గారికి."

ఆవిడ చేతిలో ఉన్న బ్యాండు జారి గాజుబల్ల మీద పడింది. అది పడినా పగలదని సేల్స్‌మన్ గర్వంగా చెప్పాడు. ఆవిడకేమైనా అయిందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

పళ్ళ డాక్టరంటే అతని షాపు గోడకి అవతల ఉండే అమ్మాయే. రెండేళ్ళ కిందట క్లినిక్ తెరిచిన కొత్తలో, విసురుగా లోపలికొచ్చి బల్ల మీద తన భూతద్దాల కళ్ళజోడు పెట్టింది. పళ్ళ డాక్టర్లు చిన్న చిన్న రంధ్రాలు పెద్దగా కనబడడానికి పెట్టుకునేది. అతనే అమ్మాడు.

"మీ స్క్రూ ఊడి మా పేషెంటు నోట్లో పడబోయింది, అద్దాలుగారూ. ఆయన మింగేసుంటే బిల్లు ఎవరికి వెయ్యాలి?"

అతను సిగ్గుతో చచ్చిపోయి కొత్త స్క్రూ బిగించి ఇచ్చాడు. మర్నాడు అదీ వదులైంది. ఆ మర్నాడూ అంతే. అప్పట్నుంచీ టీ వేళకి ఆవిడ రావడం, బల్లకి ఆనుకుని ఆ పూట పళ్ళ కబుర్లు చెప్పడం, అతను తల ఎత్తకుండా స్క్రూ బిగించడం రివాజైపోయింది. ఆ స్క్రూల మూలంగా సరుకు పంపే కంపెనీతో గొడవపడి మరో కంపెనీకి మారాడు. వాళ్ళవీ అంతే నాసిరకం. ఆ కంపెనీనీ మార్చాడు. వృత్తి మీద అంత అభిమానం ఉన్నవాడికి అది చిన్న దెబ్బ కాదు.

ఇప్పుడు ఆ స్క్రూ బెడద తీరిపోయే రోజొచ్చింది. ఊరికి అటు చివరున్న పెద్దాసుపత్రివాళ్ళు ఆవిడని రమ్మన్నారు. నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. ఏ మాటా చెప్పకుండా ఆవిడని అంత దూరం పంపించేస్తే ఇక ఈ జన్మకి చెప్పలేనని అతనికి తెలుసు. చెప్పడానికి నోరు రాదనీ తెలుసు. అందుకే బహుమతి. రోజంతా పేషెంట్ల మీదికి వంగి మెడ పట్టేస్తోందని ఆవిడే అంది కదా.

బ్యాండ్ల షాపులో వాళ్ళమ్మ చప్పున తేరుకుంది. పళ్ళు పీకేవాళ్ళు చేతికి వాచీ పెట్టుకుంటారట్రా అని అడిగింది. నిజమే. పేషెంటు పేషెంటుకీ మోచేతుల దాకా కడుక్కుని గ్లౌజులు తొడుక్కునే మనిషి. మణికట్టుకి ఆవిడేమీ పెట్టుకోగా అతను చూడలేదు. బల్ల మీద పరిచినవన్నీ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి.

సేల్స్‌మన్ లోపల్నుంచి మరొకటి తెచ్చాడు. తెర లేదు, బొమ్మల్లేవు, మెత్తటి పట్టీకి బొత్తామంత యంత్రం. మోచేతి పైన, బట్టల కిందే కట్టుకోవచ్చు. ఎక్కువసేపు వంగి కూర్చుంటే గుర్రుమని హెచ్చరిస్తుంది. గుండె వేగం, నడక అన్నీ లోపల దాచిపెట్టుకుని, ఫోనుకి కలపగానే ఒక్కసారిగా చూపిస్తుంది.

ఈ చివరి మాట వచ్చేసరికి అబ్బాయి పట్టీని తన చేతికే బిగించుకుని చర్మం మీద గీత పడుతుందా అని పరీక్షిస్తున్నాడు. అతని చెవిన పడలేదు. వాళ్ళమ్మ మాత్రం తలాడిస్తూ శ్రద్ధగా విన్నది.

కొత్త రకం ఫ్రేము ఏదొచ్చినా ముందు తను పెట్టుకుని తిరిగితే గానీ అమ్మడు అతను. ముక్కు మీద బరువు పడుతుందా, చెవుల వెనక ఒరుస్తుందా అని చూస్తాడు. పట్టీ అయినా అంతే. వారం రోజులు చొక్కా చేతి కిందే కట్టుకుని తిరిగాడు. చెమట పడితే దురద పెడుతుందా, జారుతుందా అన్నీ చూశాడు. దేనికీ వంక లేదని తేలాక శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టాడు. కళ్ళజోడు ఎంతమంది పెట్టుకుని చూసినా తీశాక అద్దంలో ఎవరి చూపూ మిగలదు. పట్టీలో మాత్రం ఏదైనా మిగులుతుందని అతనికెలా తోస్తుంది?

టీ వేళకి ఆవిడ రాగానే పెట్టె చేతిలో పెట్టాడు. రాత్రంతా కూడబలుక్కున్నది పెద్ద ప్రసంగమే.

"నడుం జాగ్రత్తండీ," అన్నాడు.

ఆవిడ పెట్టె అటూ ఇటూ తిప్పింది. "అంతేనా?"

"మెడ కూడా."

ఇక ఆవిడ ఇంట్లో సంగతి. ఆ సాయంత్రం పట్టీని ఫోనుకి కలిపీ కలపగానే తెర నిండా గుండె వేగం గీతలు నిండిపోయాయి. పక్కనే ఉన్న నాన్నగారు తొంగిచూశారు. రిటైరైన సైన్సు మాస్టారు ఆయన, గీత కనబడితే చదవకుండా ఉండలేరు. రోజంతా బుద్ధిగా నడిచిన గీత, సరిగ్గా టీ వేళకి నిటారుగా లేచి కొండెక్కి కూర్చుంటోంది. కాసేపుండి మెల్లగా దిగుతోంది. ఒక రోజు కాదు, దాదాపు ప్రతి రోజూ.

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కూతుర్ని కూర్చోమని, తనే కూర్చున్నారు. ఇన్నాళ్ళూ గుండె జబ్బు పెట్టుకుని నాకు చెప్పలేదా అన్నారు. ఆవిడకీ భయం పట్టుకుంది. నాలుగంతస్తులెక్కినా ఆయాసం లేని మనిషి తను. ఎంత చదువుకున్నా, మన గుండె గురించి యంత్రం చెప్పేసరికి చదువు గుర్తుకు రాదు, తేదీలు చూడాలనీ తోచదు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న గారి దగ్గర తేలారు. ఆయన గుండె డాక్టరు. ఇసీజీ తీయించారు, నాడి చూశారు. తమ్ముడి కూతురి గుండె గోడ గడియారంలా కొట్టుకుంటోంది. అప్పుడు ఫోను అందుకుని, కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, తీరిగ్గా చూశారు.

"ఈ పట్టీ నీ దగ్గరకి ఎప్పుడొచ్చిందమ్మా?"

"నిన్న."

"ఈ గీతలన్నీ పోయిన వారానివి. ఇది నీ గుండె కాదు."

నాన్నగారి భయం పోయి దాని చోట అయోమయం వచ్చి కూర్చుంది. మరి మా అమ్మాయి గుండె ఏదన్నయ్యా అని అడిగారు పాపం.

పెదనాన్న నవ్వలేదు. "ఎవరిదో గానీ జబ్బేం లేదు. రోజూ టీ వేళకి మాత్రం ఎవరో భయపెడుతున్నారు వాణ్ణి."

ఆవిడ ఫోను లాక్కున్నంత పని చేసింది. వారంలో ఒక్క రోజు మాత్రం గీత కొండెక్కకుండా నేల మీదే పాకింది. గురువారం. ఆ రోజు తను పొరుగూళ్ళో స్నేహితురాలి పెళ్ళిలో ఉంది. క్లినిక్ మూసి ఉంది. స్క్రూ బిగించుకోవడానికి వెళ్ళలేదు.

ఆవిడ చెవులు వేడెక్కాయి. రెండేళ్ళుగా తల ఎత్తి చూడని మనిషి! నడుం జాగ్రత్తండీ అన్న మనిషి! మళ్ళీ ఇసీజీ తీద్దామా అన్నారు పెదనాన్న, ఆవిడ మొహంలోకి చూసి. వద్దంది. ఇప్పుడు తీస్తే ఏమొస్తుందో ఆయనకీ తెలుసు.

టీ వేళ కాకుండా ఆవిడ రావడం చూసి కళ్ళజోళ్ళబ్బాయి లేచి నిలబడ్డాడు. పట్టీ బల్ల మీద పెట్టి, రోజూ ఒక వేళకి నా గుండె అదుపు తప్పుతోందని చూపిస్తోంది ఇది, అంది. అతని మొహంలో రక్తం లేదు. షట్టరు దించేస్తాను, ఆసుపత్రికి వెళదాం పదండి అంటూ తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. అవి చేతిలోనే ఉన్నాయి.

అతణ్ణి ఏడిపిద్దామనే వచ్చింది ఆవిడ. ఆ కంగారు చూశాక మనసొప్పలేదు. ఫోను అతని ముందు పెట్టి తేదీలు చూడమంది. అతను పోయిన వారం చూశాడు, గురువారం చూశాడు, పట్టీని చూశాడు. ఆ తర్వాత నేలని చూశాడు.

"లోపలికొచ్చి కూర్చోండి," అందావిడ.

చీకటి గదిలో, తను రోజూ ఇతరుల్ని కూర్చోబెట్టే కుర్చీలో అతను కూర్చున్నాడు. ఎదురుగా అక్షరాల పలక వెలుగుతోంది. ఆవిడ పరీక్ష ఫ్రేము అతని ముక్కు మీద పెట్టి, పెట్టెలోంచి చేతికందిన అద్దం తీసి అందులో వేసింది.

"ఊరికి అటు చివర, పెద్దాసుపత్రిలో నేను. ఇది బాగుందా?" అద్దం మార్చింది. "ఇదే వీధిలో, ఈ గోడకి అవతల నేను. ఇది బాగుందా?"

"రెండోది."

"సరిగ్గా చూసి చెప్పండి అద్దాలుగారూ. నేనివాళ జవాబివ్వాలి."

"ఈ అద్దంలో నాకసలేమీ కనబడట్లేదండీ. ఏదో మందపాటిది పెట్టారు." అతను ఫ్రేము తీసేశాడు. మొదటిసారి తల ఎత్తి ఆవిణ్ణి చూశాడు. "అయినా రెండోదే. వెళ్ళకండి. మీరు రాని రోజు ఎలా ఉంటుందో అందులో చూశారుగా. నా వల్ల కాదు."

ఆవిడ కోటు జేబులోంచి తన భూతద్దాల కళ్ళజోడు తీసి, దాంతోపాటు సూదిలాంటి పళ్ళ పనిముట్టు ఒకటి తీసి, అతని కళ్ళ ముందే స్క్రూని చకచకా వదులు చేసి ఇచ్చింది.

"మొదటిసారి మాత్రమే నిజంగా ఊడింది," అంది.

అతను వదులైన స్క్రూని వేలితో ఒకసారి తిప్పి చూశాడు.

"నేను రెండు కంపెనీలు మార్చానండీ," అన్నాడు చివరికి, నీరసంగా. "వాళ్ళతో ఎంత పోట్లాడానో తెలుసా?"

"క్షమాపణ చెబుదాం లెండి. ఇద్దరం కలిసి వెళ్ళి."

తలుపు దగ్గర క్యారియరు చప్పుడైంది. భోజనం తెచ్చిన వాళ్ళమ్మ ఎప్పట్నుంచి నిలబడిందో, మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు పెట్టింది. కొడుకు తడబడుతూ పట్టీ సంగతి చెప్పబోయాడు, అది అలా అన్నీ దాచుకుంటుందని ఎవరికి తెలుసమ్మా అని.

"నాకు తెలుసు," అందావిడ క్యారియరు విప్పుతూ. "ఆ సేల్స్‌మన్ చెప్పాడుగా. నువ్వు వినలేదు. నీ అంతట నువ్వు చెప్పేలా లేవని నేనూ ఊరుకున్నాను. డాక్టరమ్మా, కాస్త ఆ స్టూలు ఇటు జరుపు. నీకూ కలిపే తెచ్చాను."

కొడుకు కుర్చీలోంచి లేవలేకపోయాడు. రోజంతా ఊళ్ళోవాళ్ళందరి చేతా నోరు తెరిపించే డాక్టరమ్మ, తన నోరు తెరిచి ఉందన్న సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.