మెచ్చుకుంటే ఇచ్చెయ్యాలి

దీవి పట్నం అపియాలో బస్సు సీట్లు అయిపోవడమంటూ ఉండదు. మనుషుల ఒళ్లు ఉండగా సీట్లకేం కరువు?

ఆ సంగతి తెలియని ఆక్లండ్ నుంచి వచ్చిన కుర్రాడొకడు బస్సు మధ్యలో నిలబడి, ప్రతి గతుకుకీ తలతో పైకప్పుని పరీక్షిస్తున్నాడు.

"పైకప్పు గట్టిదే. మీ తల మీదే నాకు అనుమానం. కూర్చోండి," అంది పక్క సీట్లోని తిరేసా.

"ఎక్కడ?"

వెనక సీట్లోని మహాకాయుడు తన తొడ తట్టి చూపించాడు. కుర్రాడు చెవులదాకా ఎర్రబడి, ఆయన ఒళ్లో చంటిపిల్లాడిలా ఒదిగాడు. బోలెడంత పరువు పోయింది కదా, కాస్తయినా దక్కించుకుందామనేమో, "మీ గొడుగు చాలా బావుంది," అన్నాడు తిరేసాతో.

తిరేసా ప్రాణం ఉసూరుమంది. మెచ్చుకున్న వస్తువు ఇచ్చెయ్యాలన్నది వాళ్లింటి మర్యాద. పక్కనే ఉన్న అమ్మమ్మ మోచేత్తో పొడిచింది కూడా. గొడుగు చేతులు మారింది. ఆ రోజు వాన కూడా మహా మర్యాదస్తురాలు, తిరేసా బస్సు దిగేదాకా ఆగి మరీ అందుకుంది.

తీరా చూస్తే అతను అమ్మమ్మ అద్దెకిచ్చే పెరటి గదికే వచ్చాడు. పేరు కాలమ్. పరాయి ఊళ్ల ముచ్చట్లు ఏదో పత్రికకి రాస్తాడు. చూసినదల్లా మెచ్చుకోవడం అతని వృత్తిధర్మం. గోడ గడియారం బావుందన్నాడు, అమ్మమ్మ విసనకర్ర బావుందన్నాడు, కొబ్బరి తురిమే పీట కూడా బావుందన్నాడు. ఒకటొకటే అతని గదికి నడిచాయి. దొంగ పడినా ఇల్లు ఇంత మర్యాదగా ఊడ్చేవాడు కాదు.

ఒకరోజు అతని వ్యాసం ఫోన్లో చదివి తిరేసా పెరట్లోకి వచ్చింది.

"'ఈ ఊరివాళ్లు కారణం లేకుండా కానుకలిస్తారు' అని రాశారే! కారణం మీ నోరండీ బాబూ! మీరు మెచ్చుకుంటే మేం ఇచ్చెయ్యాలి. గడియారం పోయాక మేం కోడి కూతకి లేస్తున్నాం, ఇక ఆ కోడిని మాత్రం మెచ్చుకోకండి."

కాలమ్ ముఖం పాలిపోయింది.

అంత కోపం ఎందుకొచ్చిందో ఆ పూటంతా ఆమె తనలో తాను వెతుక్కుంది. గొడుగు పోయినందుకు కాదు. గొడుగుని చూసిన కళ్లు, దాన్ని పట్టుకున్న చేతిని చూడలేదని. తెలిశాక తన మీద తనకే చిరాకేసింది.

కాలమ్ అన్నీ తిరిగి ఇవ్వబోతే, "ఇచ్చింది మళ్లీ పుచ్చుకుంటారా ఎవరైనా!" అని అమ్మమ్మ కసిరింది. ఇక అతని నోటికి తాళం పడింది. తిరేసా ఎదురైతే చూసేవాడు, చటుక్కున చూపు తిప్పుకునేవాడు. తిట్లు బాగానే తగిలాయి అనుకుంది ఆమె. సంతోషించాల్సింది, నిద్ర పట్టలేదు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం అతని విమానం. చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నారు.

"కూర ఎలా ఉంది నాయనా?"

"తినగలిగేలా ఉంది మామ్మగారూ," అన్నాడు అతి జాగ్రత్తగా.

అమ్మమ్మ ముఖం ముడుచుకుంది. తిరేసా ఊరుకోలేకపోయింది.

"గొడుగుకున్న పాటి అదృష్టం కూరకి లేదా?"

"పొగిడితే గిన్నెతో సహా ఇచ్చేస్తారు. అయినా నేను నోరు మూసుకున్నది కూర కోసం కాదు." అతను చెయ్యి కడుక్కుని, అమ్మమ్మ వైపు తిరిగాడు. "మామ్మగారూ, మీ మనవరాలు చాలా బావుంటుంది. బస్సులోనే చెప్పాల్సింది. ధైర్యం చాలక గొడుగు మీదికి తోసేశాను."

విసనకర్ర లేక గిన్నె మూతతో విసురుకుంటున్న అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

"గడియారం నాది కాబట్టి ఇచ్చాను. ఇది నా మాటే వినదు, దీన్ని నేనెలా ఇస్తాను? దీన్నే అడుగు."

"నేను గొడుగుని కాను," అంది తిరేసా. వెటకారంగా అందామనుకుంది. మాట మెత్తగా వచ్చింది. అతని చొక్కా జేబులోంచి ఓ కాగితం తొంగిచూస్తోంది. ఆమె దాన్నే చూస్తూ, నెమ్మదిగా అంది.

"మీ విమానం టికెట్ చాలా బావుందండీ."

అర్థం కావడానికి కాలమ్‌కి ఒక్క క్షణం పట్టింది. తర్వాత టికెట్ తీసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.

అమ్మమ్మ మళ్లీ మూతతో విసురుకోసాగింది.

"ఇంకేం, వెళ్లి ఆ గడియారం తెచ్చి మన గోడకి తగిలించు నాయనా. ఇంట్లోవాడి వస్తువు ఏ గదిలో ఉంటేనేం!"