గట్టు మీద చింతచిగురు

"అది మా కొమ్మ. దిగు!"

సున్నం డబ్బా, కుంచె పట్టుకుని చింతచెట్టు కింద నిలబడి అరిచాడు మోహన్‌కృష్ణ. జవాబుగా పైనుంచి అతని నెత్తిన గుప్పెడు పుల్లలు రాలాయి.

"యాడన్నా బోర్డు పెట్టినారా?" అంది ఆకుల్లోంచి ఒక ఆడగొంతు.

"గీత ఉండాది గదా, కనపడలా?"

"అది పోయినేటి గీత. వానకి చెరిగిపోయినాది. కొత్తది గీసినాక చెప్పు, దిగుతాను."

ఉదయగిరి కొండ దిగువన, రెండు చేల మధ్య గట్టు మీద ఉందా చెట్టు. తూర్పు కొమ్మలు మోహన్ నాయన చెంచురామయ్యవి, పడమటి కొమ్మలు పక్క చేను ఆనందమ్మవ్వవి. చెంచురామయ్యకు కాయ కావాలి, అవ్వకు చిగురు కావాలి. చిగురు దూసిన కొమ్మకు కాయ సరిగా రాదు. అందుకే తగాదా లేకుండా ఏటా ఉగాదికి ముందు మాను మీద నిలువునా సున్నపు గీత గీస్తారు.

ఆత్మకూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే మోహన్, ఎండలు ముదిరేలోగా ఆ చెట్టు పక్కనే మేకలకు కొత్త పాక వేద్దామని ఊరొచ్చాడు. గీత డ్యూటీ కూడా నాయన అతనికే అంటగట్టాడు. తీరా వస్తే చెట్టు మీద అవ్వ మనవరాలు మధులత! చిన్నప్పుడు సెలవలకు వచ్చి అతని చెప్పులు బావిలో పడేసిన పిల్ల. ఇప్పుడు డిగ్రీ అయిపోయి అవ్వ దగ్గరే ఉంటూ, చిగురు నీడన ఆరబెట్టి పొడి చేసి, ప్యాకెట్లు కట్టి వాట్సాప్‌లో అమ్ముతోంది.

ఆమె దిగింది. జడలో చిగురు, కళ్లలో కొంటెతనం. మోహన్ సగం గీత గీసి, మిగతా సగం మరిచిపోయాడు.

ఆ తర్వాత పాక పని నత్తనడక నడిచింది. వేపపువ్వు రాల్చాలంటే మోహన్ కావాలి, వాగు పక్క పొన్నగంటికూర కోయాలంటే మోహన్ కావాలి, చీమచింతకాయలు దులపాలంటే మోహన్ కావాలి. పిలిచేది ఆమే, ఎగతాళి చేసేదీ ఆమే.

"నాలుగు గుంజలు పాతడానికి ఇన్నాళ్లా?"

"గుంజలు ఊగుతా ఉండాయి."

"ఊగేది గుంజలు కాదు, నువ్వు!"

ఒకరోజు పొద్దున్నే ఖాళీ గంపతో వచ్చింది. నవ్వు లేదు.

"ఆదివారం కావలి నుంచి పెండ్లోళ్లు వస్తా ఉండారు. నన్ను చూసుకోడానికి."

మోహన్ చేతిలో గునపం ఆగిపోయింది.

"అవ్వ చిగురుపప్పు చేసిపెట్టాలంటా ఉండాది. మా కొమ్మలన్నీ దూసేసినాం. మీ వైపు ఒక గంపెడు కోసుకోనా?"

"వద్దు."

"ఏంది?"

"మా నాయనకి కాయ కావాల."

"మొన్న నువ్వే కొమ్మ వంచి ఇచ్చినావే, అప్పుడు నాయన గుర్తుకు రాలేదా? పీనాసోడా!"

విసురుగా వెనక్కి తిరిగింది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఈ పిల్ల ఇక కావలి కోడలే. మోహన్ గునపం కింద పడేశాడు.

"మధూ! చెట్టంతా దూసుకో. ఏటా దూసుకో. నాయన చేత తిట్లు నేను తింటాను. ఆ పెండ్లిచూపులకి మాత్రం ఒక్క రెమ్మ ఇవ్వను. నువ్వు ఇంకొకళ్ల ఇంటికి పోతే నేను తట్టుకోలేను!"

ఆమె అటు తిరిగే నిలబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అతను హడలిపోయాడు. ఇటు తిరిగితే నవ్వుతోంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"సంతలో దొరకని ఆకా ఇది? నువ్వేమంటావో చూద్దామనే వచ్చినాను. ఇంతసేపా నోరు తెరవడానికి?"

"అయితే?"

"అయితే పక్కకు జరుగు" అని చున్నీ నడుముకు చుట్టి, నేరుగా తూర్పు కొమ్మే ఎక్కింది.

పక్కన వేపచెట్టు కింద పువ్వు చెరుగుతూ ఇదంతా వింటున్న అవ్వ తలెత్తింది.

"అమ్మే, కావలోళ్లకి ఫోన్ చేసి రావద్దని చెప్పనా?"

"చెప్పవ్వా!"

అంతలో చెంచురామయ్య రానే వచ్చాడు. "గీత ఇంకా సగమేనా? ఏందిరా నీ పని?" అంటూ సున్నం డబ్బా అందుకున్నాడు.

"కుంచె తడపబాకు చెంచురామయ్యా" అంది అవ్వ. "ఇంక గీతతో పనిలేదు. మీ వోడు మా పిల్లని అడిగినాడు. పిల్ల ఒప్పుకునింది."

చెంచురామయ్య కొడుకు వంక చూశాడు. కొమ్మ మీద పిల్ల వంక చూశాడు. బోడి అవుతున్న కొమ్మ వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"సరే గాని, ఆ పై కొమ్మలు మాత్రం దూయబాకండి. పెండ్లి చారుకి చింతపండు కావాల."

"అది పండేసరికి వచ్చే మాఘం, నాయనా!" అని లబలబలాడాడు మోహన్.

అతని నెత్తిన గుప్పెడు చిగురు రాలింది.

"పోయినేటి చింతపండు మా ఇంట్లో కుండెడు ఉండాది, మామా!" అంది ఆకుల్లోంచి మధులత.

చెంచురామయ్య సున్నం డబ్బాకు మూత పెట్టేశాడు.