ఏడు రోజుల నోటీసు

పెర్సీ టాలెట్ టీ కాస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముప్ఫై రెండేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి అతను. ప్రైవేటు డిటెక్టివ్ మిస్ ఇడా కోల్‌బ్రూక్ దగ్గర సహాయకుడిగా చేరి రెండేళ్ళయింది. వచ్చేవాళ్ళు కోపంతో వస్తున్నారో భయంతో వస్తున్నారో అడుగుల్ని బట్టి చెప్పేయగలనని అతని గొప్ప. ఈ అడుగులు మెట్టు మెట్టుకీ ఆగుతున్నాయి. భయమే అనుకుని ఇంకో కప్పు తీశాడు.

వచ్చినావిడకి అరవై లోపే ఉంటాయి. ఎండాకాలంలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకున్న కోటు, చేతిలో సంచీ. పేరు మురియెల్ హాకెట్ అని, కూంబ్ ఆస్టెల్ అనే పల్లె పనులు చూసే పారిష్ కౌన్సిల్‌కి ఇరవై ఏడేళ్ళుగా కార్యదర్శినని చెప్పి, కుర్చీ అంచున కూర్చుంది.

"నన్ను అబద్ధాలకోరు అంటున్నారు మేడమ్."

"ఎవరు?" అంది ఇడా.

"పైకి ఎవరూ అనరు. అదే నా ఏడుపు. అంటే మొహం మీదే జవాబు చెబుదును. కొట్లోకి వెళ్తే అందరూ ఒక్కసారిగా వానల గురించి మాట్లాడతారు."

ఇడా నవ్వలేదు. పొడుగ్గా, సన్నగా, నెరిసిన జుట్టుతో ఉండే ఆవిడ, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కదలదు. పెర్సీకి ఆవిడలో అన్నిటికంటే నచ్చేది ఆ కదలకపోవడమే.

మురియెల్ చెప్పిన సంగతి ఇది. కౌన్సిల్ పనులు ఏటా ఒక వరుసలో నడుస్తాయి. చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లించడం, మార్చిలో కాలవలు తీయించడం, ఏప్రిల్‌లో బెంచీలకీ నోటీసు బోర్డుకీ రంగు వేయించడం, మేలో ఊరందరి సభ, ఆ నెలాఖరున ఊరి కాలిబాటలన్నీ నడిచి చూడడం. వీటిలో పెద్దది మే సభ. దానికి ఏడు రోజుల ముందు నోటీసు పెట్టాలి. పెట్టిన రోజూ, సభ రోజూ లెక్కలోకి రావు.

"మే పదిన సభ. ఏప్రిల్ ముప్ఫై సాయంత్రం నా చేత్తో నేనే బోర్డులో గుచ్చాను. ఆ రాత్రే జ్వరం, వారం రోజులు మంచం దిగలేదు. ఈలోగా ఊళ్ళో ఎవరికీ బోర్డులో నోటీసు కనబడలేదట. అయినా నోటినోటా తెలిసి జనం వచ్చారు, సభ జరిగింది. గై లాంగ్‌మీడ్ అని మా ఊరి రైతు ఒకడున్నాడు. తన పశువుల దొడ్డిలోంచి పోయే బాటని పక్కకి జరపాలని అడిగాడు. జనం కుదరదన్నారు. వాడిప్పుడు నోటీసు లేని సభ చెల్లదని జిల్లా ఆఫీసుకి రాశాడు. అధ్యక్షుడు అల్మరా వెతికితే ఆ నోటీసు నా ఫైల్లోనే ఉంది!"

"ఫైల్లో మీరు పెట్టలేదు కదా?"

"లేదు. కానీ గుచ్చడం మర్చిపోయి, జ్వరం వంక పెట్టి బొంకుతున్నానని అందరి లెక్క. గురువారం సాయంత్రం కౌన్సిల్ కూర్చుంటుంది. నన్ను రాజీనామా చెయ్యమంటారు. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ పనొక్కటే మేడమ్. నా మాట మీద ఊరికి నమ్మకం లేకపోతే నేనక్కడ ఎలా బతకను?"

గురువారం పొద్దున్నే ఇద్దరూ బస్సులో కూంబ్ ఆస్టెల్ వెళ్ళారు.

కౌన్సిల్ అధ్యక్షుడు డెన్నిస్ ఫారో గుండ్రటి మనిషి, ఎవరితోనూ తగువు పడని రకం. కౌన్సిల్ కూర్చునే ఊరి చదువుల గదిలోని అల్మరాకి తాళం లేదు. "ఇక్కడ దొంగిలించేదేముంది? పాత సభల మినిట్సు ఎవడు చదువుతాడు?" అన్నాడు. సభలో చర్చకొచ్చే అంశాలు వరుసగా రాసిన నోటీసు తీసి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా గుండుసూది రంధ్రాలున్నాయి. ఎడమ అంచు మాత్రం ఒకచోట అర్ధచంద్రంలా పోయింది.

"సూది రంధ్రాలున్నాయిగా?" అంది ఇడా.

"మురియెల్ కూడా అదే అంది. ఇంట్లో కూర్చుని కూడా పొడుచుకోవచ్చంటాడు లాంగ్‌మీడ్. నేనేం చెప్పను? ఆ అంచు ఎలక పని. అల్మరాలో ఎలకలున్నాయి."

"ఇది ఏ ఫైల్లో దొరికింది?"

"ఈ ఏటి సభ ఫైల్లో. ఎక్కడుండాలో అక్కడే, మడత కూడా పడకుండా."

"బోర్డు తాళంచెవులు?"

"రెండు. ఒకటి మురియెల్ దగ్గర, రెండోది మా వాకిట్లో మేకుకి వేలాడుతుంది. కావలసినవాళ్ళు తీసుకుంటారు, మళ్ళీ తగిలిస్తారు. ఊరందరికీ తెలుసు."

బయటికొచ్చాక పెర్సీ ఉండబట్టలేకపోయాడు. "ఎలకా! ఎలక కొరికితే పళ్ళ గాట్లు పడతాయి. అది గీకి గీకి పలచబడి పోయిన అంచు. మా పోస్టు డబ్బాల్లో ఎన్ని చూశాను! అది నత్త తిన్న కాగితం మేడమ్. తడి రోజుల్లో డబ్బాలోకి దూరి, పెళ్ళి శుభలేఖల్ని కూడా వదిలేవి కాదు."

ఇడా ఆగి అతని మొహంలోకి చూసింది. "పెర్సీ, మీరు లేకపోతే నేను ఎలకనే నమ్మేదాన్ని."

పెర్సీ ఆ పూటంతా నేల మీద నడవలేదు.

బోర్డు బస్సు ఆగేచోట గోడకి ఉంది. కొత్త ఆకుపచ్చ రంగు, అద్దం తలుపు. లోపల గుడ్డ మీద వెండి దారంలాంటి జిగురు గీత మెలికలు తిరిగి ఎండిపోయి ఉంది. ఇడా వంగి దాన్ని చివరిదాకా చూసింది.

లాంగ్‌మీడ్ దొడ్లో పాలు పితికే యంత్రం కడుగుతున్నాడు. మనిషి మోటు, గొంతు ఇంకా మోటు.

"నేనే తీశానంటారా? తీస్తే ముక్కలు చేసి పొయ్యిలో పారేద్దును గానీ, బుద్ధిమంతుడిలా తీసుకెళ్ళి ఫైల్లో పెడతానా? ఆ అల్మరా ఎటు తెరుచుకుంటుందో కూడా నాకు తెలీదు. వచ్చిన అవకాశం వాడుకున్నాను, అంతే. మీరైతే వదులుకుంటారా?"

"వదులుకోను," అంది ఇడా నిజాయితీగా.

తర్వాత వాల్టర్ ఆమ్స్ ఇల్లు. డెబ్బై ఆరేళ్ళ వాల్టర్‌ని ఊరు ఊరంతా బాటల వాల్టర్ అంటుంది. నలభై ఏళ్ళుగా ఊరి కాలిబాటల బాధ్యత అతనిదే. కంచెల మీద పడిపోయిన దాటుమెట్లు నిలబెట్టడం, ముళ్ళ కంపలు కొట్టడం, బోర్డుకీ బెంచీలకీ రంగు వేయడం, అన్నీ అతనే. మే సభలో ఆ బాధ్యత బడి టీచరు జోన్ పెటిఫర్‌కి ఇచ్చారు. వాల్టర్‌కి చప్పట్లు కొట్టి, ఒక కుర్చీ బహుమానం ఇచ్చారు. ఆ కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. అతను చెక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ ఏడు బాటలన్నీ నడిచారా?" అడిగింది ఇడా.

"జోన్ నడిచింది. పదమూడు మైళ్ళు. నా మోకాలు పదమూడు అడుగులకే కూలబడుతోంది. ఏప్రిల్ మధ్యలో బోర్డుకి రంగు వేశాక నేనసలు బస్సు దాకా పోనేలేదు."

"మరి నోటీసు చూడలేదన్నమాట."

"ఎలా చూస్తాను?"

"బోర్డు తలుపు సరిగా పడుతోందా? వాన నీళ్ళేమైనా దిగుతున్నాయా అని."

వాల్టర్‌కి తన పనిని తప్పుపట్టినట్టు అనిపించింది. "నా రంగులో వంకేమీ లేదు! కింద చెక్క ఉబ్బి సందు పడింది. ఆ సందులోంచే నత్త దూరింది. జోన్ పెట్టిన, ఊరంతా చెత్త ఏరే రోజు కాగితం మీద బకెట్ బొమ్మని సగం మేసేసింది కూడాను."

పెర్సీ పకపకా నవ్వాడు. ఇడా నవ్వలేదు. గోడవైపు తిప్పిన కుర్చీనే చూస్తూ, అతనిచ్చిన టీ మొత్తం తాగి లేచింది.

చివరగా బడి. జోన్ చెత్త ఏరే రోజు పోస్టరు తెచ్చి చూపించింది. ఏటా అదే పోస్టరు, తేదీ ముక్క మాత్రం మార్చి అతికిస్తారు. "ఏప్రిల్ ఇరవై అయిదున పెట్టాను. మే నాలుగున చెత్త ఏరడం అయిపోగానే తీసి బీరువాలో దాచాను. ఆ రోజు బోర్డులో సభ నోటీసు లేదండీ. మురియెల్ అంటే నాకు ప్రాణం, కానీ లేనిది ఉందని ఎలా చెప్పను?"

పోస్టరు కుడి అంచున బకెట్ బొమ్మ సగం లేదు.

"ఇది సాయంత్రం దాకా నాకిస్తారా?" అంది ఇడా.

ఆరున్నరకి చదువుల గదిలో అందరూ చేరారు. కిటికీల్లోంచి ఎండ ఇంకా నిండుగా పడుతోంది. లాంగ్‌మీడ్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వాల్టర్ మోకాలు చాపుకుని కూర్చున్నాడు. మురియెల్ మినిట్సు పుస్తకం ముందు పెట్టుకుని, అందులో మడిచిన రాజీనామా కాగితాన్ని వేలితో నొక్కి పట్టుకుంది.

ఇడా బల్ల మీద పోస్టరు పరిచింది. దాని కుడిపక్కన నోటీసు పెట్టి నెమ్మదిగా దగ్గరికి జరిపింది. రెండు అంచుల్లోని అర్ధచంద్రాలూ కలిసి ఒకే గుండ్రటి కంత అయ్యాయి.

"ఎలక కాదు, నత్త," అంది. "ఈ రెండు కాగితాలూ పక్కపక్కన ఉండగా, వాటి నడుమ కూర్చుని రెంటినీ మేసింది. పోస్టరు మే నాలుగున బోర్డు దిగింది. మళ్ళీ ఎక్కలేదు. అంటే అంతకు ముందే నోటీసు బోర్డులో ఉంది. సూది రంధ్రాలు ఎవరైనా పొడవచ్చు, లాంగ్‌మీడ్ గారూ. ఇలా మేయించడం మాత్రం ఎవరి తరమూ కాదు. మురియెల్ హాకెట్ చెప్పింది అక్షరాలా నిజం."

మురియెల్ తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఫారో రుమాలు తీసి, ఆవిడకివ్వాలో తనే వాడుకోవాలో తెలియక పట్టుకు నిలబడ్డాడు.

"సరే, మరి తీసిందెవరు?" అన్నాడు లాంగ్‌మీడ్. "నావైపు చూడకండి."

"చూడను. మీ మీద కోపంతో తీసినవాళ్ళు, మీ మేలు కోరి తీసినవాళ్ళు, ఎవరైనా సరే దాన్ని పారేసేవాళ్ళు. ఈ మనిషికి కౌన్సిల్ కాగితాన్ని చింపడానికి చేతులు రాలేదు. నలభై ఏళ్ళ అలవాటు. మడతైనా పెట్టకుండా తెచ్చి, ఉండాల్సిన ఫైల్లోనే పెట్టాడు. అందరూ నాలుగో అంశం, అంటే దొడ్డి బాట, అది చూశారు. నేను మూడో అంశం చూశాను. కాలిబాటలకి కొత్త మనిషి ఎంపిక."

గదిలో ఎవరూ వాల్టర్ వైపు చూడకూడదనుకున్నారు, అందరూ చూశారు.

"రంగు వేశాక బోర్డు దగ్గరికి పోలేదన్నారు," అంది ఇడా మెత్తగా. "రంగు వేసింది ఏప్రిల్ మధ్యలో. పోస్టరు ఎక్కింది ఇరవై అయిదున, దిగి బీరువాలోకి పోయింది మే నాలుగున. బకెట్ బొమ్మ సగం పోయిందని మీకెలా తెలిసింది, వాల్టర్ గారూ?"

వాల్టర్ కర్ర ఊతంగా లేచాడు.

"మే రెండున. కుంటుకుంటూ వెళ్ళాను. సభకి ఎవరూ రారు, ఈ ఏడాది ఎవరినీ ఎన్నుకోరు, ఇంకొక్కసారి నేనే నడుస్తాననుకున్నాను. ఒక్కసారి. మురియెల్ మీదికి వస్తుందని నాకు తట్టలేదు, దేవుడి సాక్షి."

"వచ్చాక తట్టిందిగా!" మురియెల్ లేచి నిలబడింది. "నెల రోజులు, వాల్టర్! రోజూ మీ గుమ్మం ముందు నుంచే పోయాను. ఎలా ఉన్నావు మురియెల్ అని అడిగావు కూడా! ఎలా ఉంటానో నీకు తెలీదా?"

"తెలుసు. సిగ్గేసింది. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

జోన్ ఏడుస్తోంది. "నేను మానేస్తాను, ఆయన్నే ఉండనివ్వండి," అంది.

"కూర్చోవమ్మా," అన్నాడు వాల్టర్. "నువ్వు పదమూడు మైళ్ళూ నడిచావు."

ఫారో గొంతు సవరించుకున్నాడు. నోటీసు పెట్టిన మాట నిజమే గానీ ఏడు రోజులు ఉండలేదు కాబట్టి, ఏ పేచీ లేకుండా సభ మళ్ళీ పెడదామన్నాడు. లాంగ్‌మీడ్ గొణిగాడు, కానీ కాదనలేదు. మురియెల్ రాజీనామా కాగితం తీసి సంచీలో పడేసింది. తెల్ల కాగితం తీసుకుని అక్కడే, అందరి ముందూ, కొత్త నోటీసు రాసింది. అంశాలు అవే, వరుస అదే. రాసి వాల్టర్‌కి అందించింది.

"నువ్వే గుచ్చు."

"నన్ను క్షమించావా, మురియెల్?"

"ఇంకా లేదు. ముందు గుచ్చు."

బోర్డు దాకా అందరూ అతని నడకకి తగ్గట్టే నడిచారు. పెర్సీ జీవితంలో ఎన్నో చెడ్డ కబుర్లు మోసి గుమ్మాల్లో అందించాడు. తన మీద వచ్చిన కబురు తనే మోసుకుపోతున్న మనిషిని చూడడం ఇదే మొదటిసారి. అతనికి ఆ ముసలాయన మీద కోపం పోయి, జాలి పుట్టింది. ఇడా వైపు చూశాడు. ఆవిడ కూడా గెలిచిన మొహంతో లేదు.

మురియెల్ తాళం తీసింది. వాల్టర్ నోటీసు మొత్తం పైనుంచి కిందికి చదివాడు, మూడో అంశం దగ్గర ఆగాడు, మళ్ళీ చదివాడు. తర్వాత నాలుగు మూలలా సూదులు గుచ్చి వెనక్కి జరిగాడు.

మురియెల్ తల పక్కకి వంచి చూసింది.

"వంకరగా ఉంది."

"ఎటువైపు?"

"ఎడమవైపు కాస్త కిందికి దిగింది."

వాల్టర్ ఎడమవైపు రెండు సూదులూ ఊడదీశాడు. మురియెల్ ముందుకొచ్చి ఆ అంచు పైకెత్తి పట్టుకుంది. అతను మళ్ళీ గుచ్చాడు.